‘ట’కు చోటు లేదు

సంగారెడ్డి,
2024 జులై 3

రవళీ,

నా నంబరు ఆపేశావు. ఇంటికి వస్తే మీ అమ్మ తలుపు సగమే తీసి, నువ్వు డ్యూటీకి పోయావని చెప్పింది. నీ చెప్పులు గడప పక్కనే ఉన్నాయి. అందుకే ఈ కాగితం. చింపేస్తే చింపెయ్, కానీ చదివి చింపు.

పటాన్‌చెరు ఆసుపత్రి వరండాలో, అంతమంది చూస్తుండగా, “నీ తెలుగే కాల్చింది నా తమ్మున్ని” అన్నావు. లోపల నీ తమ్ముడు నర్సింగ్ చేతులకు కట్టు మారుస్తున్నారు, అక్కడ అరవడం సిగ్గనిపించింది. జవాబు ఇప్పుడు చెబుతున్నాను. ఉస్మానియా హాస్టల్లో రెండేళ్లు ఒకే గదిలో ఉన్నదానివి కాబట్టి చెబుతున్నాను, వేరెవరైనా అయితే ఈ పాటికి మరిచిపోయేదాన్ని.

జనవరిలో వచ్చింది నువ్వు. మా ముందు గదిలో కూర్చుని, మీ గడ్డపోతారం ఫ్యాక్టరీలో రసాయనాల డ్రమ్ముల మీద వేసే క్యూఆర్ కోడులో ఇకనుంచి తెలుగు కూడా పెడుతున్నారనీ, ఆ ఆలోచన నీదేననీ చెప్పావు. డ్రమ్ములు తెరిచే బ్లాకులోకి ఫోన్లు రానీయరు, నిప్పురవ్వ భయం. నెట్ ఉండదు. చేతి స్కానరు కోడులోపల ఏ అక్షరాలు ఉంటే అవే చూపిస్తుంది. ఇంగ్లీషు రానివాళ్లు డ్రమ్ము మూత తీసేముందు హెచ్చరిక తెలుగులో చదువుకోవాలి. ఈ మాటలన్నీ నీవి. ఏడో తరగతితో బడి మానేసి ఆ బ్లాకులోనే పనిచేసే నీ తమ్ముణ్ని తలచుకునే అన్నావు. నువ్వు రాసుకొచ్చిన వాక్యం బాగోలేదంటే, సరిచేసి ఇమ్మన్నావు. ఇచ్చాను. నేనిచ్చింది ఇది:

తేమ తగలనీయరాదు. మంట వస్తే నీళ్లు కొట్టుట నిషేధం.

ఇందులో తప్పెక్కడుందో నువ్వే చూపించు. ఆ డ్రమ్ముల్లోని సోడియం హైడ్రైడ్‌కు నీళ్లు తగిలితే ఎట్లా భగ్గుమంటుందో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన నీకు తెలుసు. తెలుగు చదివిన నాకు నువ్వు చెబితే తెలిసింది. ఇరవై ఏళ్లుగా ఆడపిల్లలకు పాఠాలు చెబుతున్నాను, నిషేధం అనే మాటకు ఇంకో అర్థం ఉందని ఎవరూ అనలేదు. జూన్ 18 సాయంత్రం నర్సింగ్ మూత తీసిన డ్రమ్ములోంచి పొగ వచ్చింది, అతను పైపు తెచ్చి నీళ్లు కొట్టాడు. ఎందుకు కొట్టాడు? స్కానరు ఏం చూపించింది? ఆ ఒక్కటీ చెప్పు. చెప్పకుండా నన్ను దోషిని చేయకు.

సృజన


బొంతపల్లి,
జులై 11

సృజనా,

కాగితమే మంచిది. ఫోన్ల మాట్లాడితే రేపు నేనట్ల అనలేదంటవు.

స్కానరు ఏం చూపించిందో అడిగినవు కదా. రాస్తున్న, రెండుసార్లు చదువుకో.

తేమ తగలనీయరాదు. మంట వస్తే నీళ్లు కొట్టు

గంతే. ఆడికే అయిపోయింది. ‘ట’ లేదు, ‘నిషేధం’ లేదు. నా తమ్ముడు మూత తీసేముందు స్కాన్ చేసి, పెదాలు కదుపుకుంట చదివిండు. పది నిమిషాలకు పొగొచ్చింది. కొట్టుమన్నది, కొట్టిండు. రెండు చేతులు మోచేతుల దాక కాలినయి, మెడ ఎడమ పక్క కాలింది.

ఎందుకు తెగిందో చెప్త. క్యూఆర్ కోడు గోనె సంచి కాదు, కుక్కితే పట్టుడానికి. అన్నిటికన్న పెద్ద కోడుల మూడు వేల బైట్లకు కొంచెం తక్కువ పడతయి, కానీ గళ్లు ఇసుక లెక్క సన్నగైతయి. మా స్కానరు చదవదు. మా లేబుల్ మీద కోడుకు ఇచ్చింది నాలుగు సెంటీమీటర్ల జాగ. డ్రమ్ము గీసుకపోయినా, సాల్వెంట్ పడి మరకైనా చదవాలంటే, కోడుల పెద్ద భాగం ఆ రిపేరుకే పోతది. అన్ని పోంగ మిగిలేటివి రెండు వందల ఇరవై బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగుల ‘క’కు మూడు, దాని కొమ్ముకు మూడు, ఒత్తుకు ఆరు. సరుకు పేరు, బ్యాచ్ నంబరు, తేదీలు, పంపినోళ్ల పేరు ఇంగ్లీషుల పోంగ తెలుగుకు దొరికినయి నూట ఆరు. నీ మాటలు ‘కొట్టు’ దాక వస్తే నూట అయిదు. ఒక్క బైటు మిగిలింది. ‘ట’కు మూడు కావాలె. సాఫ్ట్‌వేర్ చప్పుడు చేయకుండ ఆడ తెంపింది.

నేను రాసుకొచ్చిన వాక్యం యాదికున్నదా? ‘మంట వస్తే నీళ్లు వద్దు.’ ముందరి తేమ మాటతో కలిపినా అది నూట మూడుకు సరిపోతుండె. నువ్వేమన్నవు? వద్దు అంటే చుట్టాలింట్ల గ్లాసు వెనక్కి ఇచ్చినట్టుంటది, హెచ్చరిక శాసనం లెక్క ఉండాలె అన్నవు. చాయ తాగుకుంట నవ్వినవు కూడ.

మీ నాయనకు జిన్నారంల భూములుండె, సంగారెడ్డిల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర దస్తావేజులు రాసే బల్ల ఉండె. ఆ బల్ల మీది తెలుగే నీకొచ్చింది. అమ్ముట, కొనుట, అనుభవించుట. మా అమ్మ మీ పొలంల నాటేసిన మనిషి. మా ఇంట్ల ఎవ్వలు ‘కొట్టుట’ అనరు. ఎవ్వలు అనని మాటకు తోక తెగితే, అందరు అనే మాట మిగిలింది. నువ్వు మా లెక్క రాసి ఉంటే, తెగినా అర్థం కాకపోతుండె. అర్థం కాకపోతే వాడు ఎవరినన్న అడుగుతుండె.

ఇగ నీ తప్పు ఎక్కడున్నదో దొరికిందనుకుంట.

మార్చిల నీకు ఒక లేబుల్ పట్టీ పంపిన. ఇంట్ల ఎక్కడన్న ఉంటే చింపి పారెయ్. పాత సరుకు, ఎందుకూ పనికిరాదు.

రవళి


సంగారెడ్డి,
జులై 19

రవళికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు క్లాసులో ఏ క్రియాపదం పలికినా దాని చివర ఏముందో చూసుకున్నాను. ఇంగ్లీషులో కాదు అనే మాట ముందే వస్తుంది, తోక తెగినా తల మిగులుతుంది. మన భాషలో వద్దనడం చివరికి గానీ రాదు. ఈ సంగతి నాకు తెలియాలి. తెలుగు చెప్పుకుని బతికేదాన్ని. ఆ మేరకు నీ దెబ్బ తగిలింది, కాదనను.

కానీ నీ లెక్కలో ఒక రంధ్రం ఉంది.

మా కాలేజీలో కంప్యూటర్లు చెప్పే సూర్యప్రకాశరావు గారి ముందు నీ అంకెలు పెట్టాను. అన్నీ సరైనవేనన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు. రిపేరు భాగం తక్కువగా పెడితే అదే కొలత కోడులో నాలుగు వందల పన్నెండు బైట్లు పడతాయట. అప్పుడు నా వాక్యం మొత్తం పట్టి ఇంకా జాగా మిగులుతుంది. నాకు వెంటనే ఫిబ్రవరి గుర్తొచ్చింది. మొదటి లేబుల్ మా ఇంటికి తెచ్చి, నీ ఫోనుతో స్కాన్ చేసి చూపించావు. ‘నిషేధం’ దాకా ఉంది. నా కళ్లతో చదివాను.

అంటే కోడు తర్వాత మారింది. మార్చింది ఎవరు? మార్చాక స్కాన్ చేసి చూసింది ఎవరు? మీ క్వాలిటీ డిపార్టుమెంటులో రాయనిది జరగనట్టేనని నువ్వే వందసార్లు చెప్పావు. అయితే ఆ రెండో లేబుల్‌ను సరిచూశామని ఎక్కడో రాసి ఉంటుంది. కింద సంతకం ఉంటుంది. ఎవరిది?

ఇంకొకటి. పనికిరాని పాత సరుకును చింపమని ఎవరూ పని పెట్టుకుని ఉత్తరం రాయరు. వెతికాను. వ్యాకరణం పుస్తకంలో దొరికింది. మార్చి పదకొండు తేదీ వేసి ఉంది. రావు గారి ఫోనుతో స్కాన్ చేశాం. ‘నీళ్లు కొట్టు’ అని వచ్చింది. ఆయన ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశారు.

నేను చింపడం లేదు.

సృజన


బొంతపల్లి,
జులై 28

సృజన మేడమ్ గారికి,

సంతకం నాది.

తెలుసుకోవాలని ఉండె కదా, తెలుసుకో. ఫిబ్రవరిల వేసిన లేబుళ్లు డ్రమ్ముల మీద మరకలైతే పదింటికి ఒకటి చదవకపోతుండె. మా ప్లాంట్ హెడ్ భీమశంకరం సారు పిలిచి, రిపేరు పెంచమన్నడు. పెంచిన. పెంచితే లోపల జాగ తగ్గుతదని నాకు తెలుసు. ఆ దినం వేరే సరుకువి నాలుగు లాట్లు గేటు దగ్గర ఆగి ఉన్నయి, నా సంతకం కోసం. కొత్త లేబుల్ మీద స్కానరు పెట్టిన. బీప్ అన్నది. స్క్రీను మీద బ్యాచ్ నంబరు చూసిన, సరిపోయింది. కిందికి జరిపి తెలుగు చూడలే. బీప్ అన్నదంటే చదివినట్టే అనుకున్న. ‘సరిచూడబడినది’ అని రాసి ఉన్న చోట సంతకం పెట్టిన. ఆ మాట కూడ నీ అసొంటోళ్లు రాసిందే.

ప్రమాదమైన రెండు దినాలకు, జూన్ 20న, స్కానరు తెరిచి చూసిన. అప్పుడే నాకు తెలిసింది. మిగిలిన లేబుళ్లన్ని తెప్పించి మిషన్ల వేసి ముక్కలు చేసిండ్రు. ఇప్పుడు ఆ లేబుల్ లోకంల నీ తాన ఒక్కటే ఉన్నది.

ఆగస్టు 22న విచారణ. భీమశంకరం సారు ఒక్కటే మాటన్నడు. “రవళీ, ఇది వర్కర్ తప్పన్న కావాలె, నీ తప్పన్న కావాలె. మూడోది లేదు.” డ్రమ్ము మీద ఇంగ్లీషుల రాసి ఉండె, బొమ్మ ఉండె, ట్రైనింగ్ రిజిస్టర్ల వాని సంతకం ఉన్నది. వర్కర్ నిర్లక్ష్యం అని రాస్తరు.

నువ్వు నన్ను ఏమనుకుంటవో తెలుసు. అనుకో. నర్సింగ్ చేతులకు ఇగ డ్రమ్ములు ఎత్తుడు కాదు. వాని పేరు చెడితే కొత్తగ పోయేది లేదు. నా పేరు చెడితే ఈ ఇల్లు నడవది. వాని మందులు, వాని బిడ్డ చదువు, అమ్మ, అన్నీ నా ఉద్యోగం మీదనే ఉన్నయి. వాడు నా తమ్ముడు, నేను చూసుకుంట. మా లెక్క మేం చేసుకున్నం. అవతల నుంచి చూసెటోళ్లకు న్యాయం చెప్పుడు సులువు.

వాని దగ్గరికి రాకు. లేబుల్ చింపు.

రవళి


సంగారెడ్డి,
ఆగస్టు 6

రవళికి,

వచ్చాను. ఆదివారం నాడు, నువ్వు ఆడిట్ పని మీద పోయావని తెలిసే వచ్చాను. దాచను.

ఈసారి మీ అమ్మ ముత్యమ్మ తలుపు మొత్తం తీసింది. “రా బిడ్డా, వాడు సదువుకుంటుండు” అంది. తమాషాకి అంటోందనుకున్నాను. లోపల మంచం మీద నర్సింగ్ కూర్చుని ఉన్నాడు. ఒడిలో దిండు, దిండు మీద కూతురు హర్షిణి నాలుగో తరగతి తెలుగు వాచకం. వేళ్లు ఇంకా వంగడం లేదు కదా, పేజీ తిప్పాలంటే మణికట్టుతో నెడుతున్నాడు. నన్ను చూసి సిగ్గుపడి పుస్తకం మూయబోయాడు. మూతపడలేదు.

ఏం చదువుతున్నావని అడిగాను. ఒత్తులన్నాడు. ద్దు, ట్టు రెండూ తనకు ఒకే తీరు కనబడతాయట. హర్షిణి బడి నుంచి వచ్చాక పలక మీద ఒకదాని పక్కన ఒకటి రాసి, ఏది ఏదో అడుగుతుందట. పదింటిలో రెండు మూడు తప్పుతున్నాయట.

ఎందుకిదంతా అన్నాను. అప్పుడు చెప్పాడు. ఆసుపత్రిలో ఉన్నప్పుడు భీమశంకరం స్కానరు పట్టుకుని వచ్చాడట, చేతిలో లేబుల్ కూడా ఉందట. అతని కళ్ల ముందే స్కాన్ చేసి, చదవమన్నాడట. ‘మంట వస్తే నీళ్లు వద్దు’ అని ఉందట. “వద్దు అని ఉంటే కొట్టు అని సదివిన అక్కా. బడి బంద్ చేసి ఇరవై ఏండ్లాయె, అక్షరాలు తారుమారైనయి. నా కండ్ల ముంగట్నే సూపిచ్చిండ్రు. రవళక్క గూడ ఆడనే ఉండె.”

నువ్వు అక్కడే ఉన్నావు రవళీ. ఆ లేబుల్ తర్వాత వేసిందని తెలిసి, నీ వాక్యమే దాని మీద పెట్టారని తెలిసి, అతని మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నావు. మొన్నటి ఉత్తరంలో ఇల్లు నడవడం, మందులు అన్నీ రాశావు. ఇది రాయలేదు. అతని పేరు చెడితే కొత్తగా పోయేది లేదన్నావు. ముప్పై నాలుగేళ్ల మనిషి తనకు చదవడం రాదని నమ్మి, కాలిన చేతులతో కూతురి దగ్గర ఒత్తులు దిద్దుకుంటున్నాడు. అతను చదివింది సరిగ్గానే చదివాడు. ఆ రోజు ఆ బ్లాకులో, ఆ లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు చదివిన మనిషి అతనొక్కడే.

నేనేం చేశానని అడుగుతావు. ఏమీ చేయలేదు. పక్కన అరగంట కూర్చున్నాను. లేబుల్ నా సంచిలో ఉంది. చెబుదామని సంచిలో చెయ్యి పెట్టాను. ‘దుద్దు’, ‘చెట్టు’ అని అతను చదువుతుంటే, ఒకచోట తప్పు పోతే నేను సరిచేశాను. పంతులమ్మ అలవాటు. బయటికి వచ్చి బస్సు ఎక్కాక గానీ ఆ సరిచేయడం ఎంత నీచమో తెలియలేదు.

లేబుల్ విచారణలో ఇస్తాను.

సృజన


బొంతపల్లి,
ఆగస్టు 10

సృజన మేడమ్ గారికి,

ఇయ్యి. కానీ మొత్తం ఇయ్యి.

మార్చి పన్నెండున ఆ పట్టీ కొరియర్ల పంపి, కింద చీటీ పెట్టిన. ‘కోడు మార్చినం, ఫైనల్ ఇది, తెలుగు ఒక్కసారి చూసి చెప్పు’ అని. యాదికున్నదా? పద్నాలుగున నీ దగ్గరి నుంచి ఫోనుకు జవాబొచ్చింది. ‘చూశాను. బాగుంది.’ అది నా ఫోన్ల ఇంక ఉన్నది. తేదీ, టైముతోని ఉన్నది.

మూడు ఉత్తరాలాయె. సంతకం ఎవరిదని నన్ను నిలదీసినవు, రావు సారు ఫోను బోర్లా పెట్టిండని రాసినవు, వ్యాకరణం పుస్తకంల దొరికిందని రాసినవు. ‘బాగుంది’ అని చెప్పిన సంగతి ఎక్కడ రాసినవు? నువ్వు ఆ దినం స్కాన్ చేసినవా? చేస్తే కొట్టు అని కనబడతది. కనబడి బాగుందన్నవా, కనబడకుండనే బాగుందన్నవా?

నేను పదకొండున సంతకం పెట్టిన మాట నిజమే. కానీ కొత్త లేబుళ్లు డ్రమ్ముల మీదికి ఎక్కింది పదిహేనున. నీ మాట కోసమే నాలుగు దినాలు ఆపిన. నా కండ్ల మీద నాకు అనుమానముండె, నీ మీద లేకుండె. తెలుగు సంగతి నీకు తెలుసు అనుకున్న. నన్ను ఎప్పుడూ సరిచేసేదానివి నువ్వే గద, హాస్టల్ల ఉన్నప్పటి సంది. ‘సదువు కాదు రవళీ, చదువు.’ మెస్సుల అందరి ముందర అన్నవు. నేను నేర్చుకున్న. నువ్వు చూస్తనన్నది చూడలే.

లేబుల్ పట్టుకొని న్యాయం చేసెటందుకు వస్తే, నా ఫోను కూడ ఆడ బల్ల మీద ఉంటది. వాళ్లు నిన్ను అడుగుతరు. మీ కాలేజీకి కూడ కాగితం పోతది. అప్పుడు నీ ముఖం చూడాలని ఉన్నది నాకు.

రవళి


సంగారెడ్డి,
ఆగస్టు 17

రవళికి,

స్కాన్ చేయలేదు. ఆ రోజు పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. నీ పట్టీని పుస్తకంలో పెట్టి, ఫిబ్రవరిలో చూసిందే కదా అనుకుని, బాగుందని కొట్టేశాను. నీకు ‘సరిచూడబడినది’ ఎట్లాగో, నాకు ‘బాగుంది’ అట్లా. రోజుకు నలభైసార్లు రాస్తాను. చదవకుండా కూడా రాయగలనని తెలియదు.

జులైలో పట్టీ దొరికిన రోజే ఈ సంగతి గుర్తుకొచ్చింది. నీకు రాయలేదు. రాస్తే నీ మీద కోపం పలచబడుతుందని భయపడ్డాను. నా కోపం నిజమైనదే, అయినా దాని కింద ఏం దాచుకున్నానో నువ్వు తవ్వి తీశావు. నర్సింగ్ పక్కన నోరు పెగలకపోవడానికి కారణం కూడా జాలి కాదేమో. అతను నన్ను అడిగే మొదటి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు, అదే కారణం కావచ్చు. నా గురించి నేను ఎంతవరకు నిజం చెబుతున్నానో ఇప్పటికీ నాకే అనుమానం.

వాంగ్మూలం రాశాను. నకలు జతచేస్తున్నాను. లేబుల్, మార్చి పన్నెండు నాటి నీ చీటీ, పద్నాలుగు నాటి నా జవాబు, మూడూ అందులో ఉన్నాయి. ‘చూడకుండానే చూశానని చెప్పాను’ అని రాశాను. నాలుగుసార్లు రాసి కొట్టేశాక వచ్చిన వాక్యం అది. కాలేజీకి కాగితం పోతే పోనీ.

నీ సంతకం గురించి ఒక్క ముక్క రాయలేదు. నిన్ను కాపాడటానికి కాదు. అది నేను చెప్పేది కాదు, నువ్వు చెప్పేది. చెప్పకపోతే ఆ గదిలో నర్సింగ్ తప్పు ఒప్పుకుని సంతకం పెడతాడు. నువ్వు చూస్తూ ఉంటావు, రెండోసారి.

సృజన


బొంతపల్లి,
సెప్టెంబర్ 2

సృజనకు,

విచారణ నాడు నిన్ను బయటికి పంపినాక లోపల ఏమైందో నీకు ఎవ్వలూ చెప్పి ఉండరు. నేను చెప్పకపోతే నీకు నచ్చినట్టు ఊహించుకుంటవు, అందుకే రాస్తున్న.

నీ లేబుల్‌ను కవర్ల పెట్టి పక్కకు జరిపిండ్రు. ఇట్లాంటివి బయట ఎవరైనా ప్రింటు కొట్టుకోవచ్చు అన్నడు భీమశంకరం సారు. నీ వాంగ్మూలం సగం చదివి, ఇది టీచరమ్మ బాధ, మనకు సంబంధం లేదన్నడు. సర్కారు తరఫున వచ్చిన ఆఫీసరు పెన్ను మూత పెట్టి తీసి చేసిండు.

తర్వాత నర్సింగ్‌ను పిలిచిండ్రు. చొక్కా గుండీలు పడవు గద, అమ్మ శాలువ కప్పి పంపింది. ఏం జరిగిందో చెప్పమంటే, వాడు నిలబడి, “నాకు సదువు సక్కగ రాదు సార్. నేనే తప్పు సదివిన. రాసుకోండ్రి” అన్నడు. ఎవ్వలు అడగకముందే అన్నడు. రాసిండ్రు. కాగితం ముందరికి జరిపి, సంతకం పెట్టనీకి రాకపోతే వేలిముద్ర ఎయ్యమన్నడు సారు. వేలిముద్ర అనేసరికి వాడు నా దిక్కు చూసిండు. వాడు ఎన్నడూ వేలిముద్ర ఎయ్యలే. పెన్ను అడిగిండు. రెండు మణికట్ల నడుమ పట్టుకోవాలని చూస్తే జారిపోయింది. వంగి తీసి చేతులకిచ్చింది నేనే. ఇచ్చినాక నోట్లకెల్లి మాట వచ్చింది.

“సంతకం పెట్టకు నర్సింగ్. నువ్వు సరిగ్గనే సదివినవ్. అండ్ల గదే ఉండె.”

తర్వాత అన్నీ చెప్పిన. రిపేరు పెంచినది, బీప్, కిందికి జరపంది, నా సంతకం. ఆసుపత్రిల చూపిచ్చిన లేబుల్ తర్వాత వేసిందని కూడ. నీ కవరు తెరిచి స్కాన్ చేసి చూడమన్న. ఆఫీసరు స్వయంగ చేసిండు. గట్టిగ చదివిండు. వర్కర్ తప్పు అని రాసిన కాగితం మీద అడ్డంగ గీత కొట్టి, నా మాటలు కొత్త కాగితం మీద రాసుకున్నడు. నన్ను ఆ సాయంత్రమే గేటు బయట నిలబెట్టిండ్రు, బ్యాగు కూడ లోపలికెల్లి తెప్పించిండ్రు. నర్సింగ్ మీది మాట మాత్రం కొట్టేసిండ్రు. ఆ కాగితం మొన్న చేతికొచ్చింది.

నువ్వు చెప్పినందుకు చెప్పలే నేను. అట్ల అనుకొని సంబరపడకు. నీ ఉత్తరాలు లేకపోయినా చెప్తుంటినో లేదో నాకు తెల్వది, నీకు కూడ తెల్వదు.

ఇంటికి ఆటోల వచ్చినం. గుమ్మడిదల దాటినాక, నీకు ఎన్నడు తెలిసింది అక్కా అని అడిగిండు వాడు. జూన్ ఇరవై అన్న. వాడు మనసుల లెక్క పెట్టుకున్నడు. “తొమ్మిది వారాలు. తొమ్మిది వారాలు నేను ఒత్తులు దిద్దుతుంటే సూసుకుంట అన్నం పెట్టినవ్.” గొంతు పెంచలే. అరిచి ఉంటే బాగుంటుండె. ఆ దినం సంది నేను వడ్డిస్తే తినడు. అమ్మ కలిపి పెడితేనే తింటడు.

నీ గురించి కూడ అడిగిండు. సృజనక్క ఇంటికొచ్చి నా పక్కన కూసున్ననాడు ఆమెకు తెలుసా అని. తెలుసు అన్న. ఎందుకు చెప్పలేదని అడిగిండు. ఆ జవాబు నా తాన లేదన్న.

ఇగ నాకు రాయకు. రాసేదేమన్న ఉంటే వానికి రాయి. వానికి చదువొచ్చు.

రవళి